ప్లిట్విట్సే సరస్సులను నడిచి చూడటం: టికెట్ నుంచి తిరుగు బస్సు దాకా

క్రొయేషియాలోని ప్లిట్విట్సే జాతీయ ఉద్యానం పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది 78 మీటర్ల ఎత్తు నుంచి దూకే వెలికి స్లాప్ జలపాతం. ఆ దేశంలో అంతకంటే ఎత్తైన జలపాతం లేదు. చాలామంది బస్సు దిగి, దాని ముందు ఫొటో తీయించుకుని, రెండు గంటల్లో వెనక్కి వెళ్లిపోతారు. అక్కడ అసలు చూడాల్సింది 16 సరస్సుల వరుస. 636 మీటర్ల ఎత్తున ఉన్న ప్రోష్చాన్స్కో సరస్సులో మొదలై, ఒక సరస్సు నిండి పొర్లి కింది సరస్సులో పడుతూ, కొరానా నది పుట్టే లోయ దాకా దిగే వరుస అది. దాన్ని నడిచే చూడాలి. వీలైతే నీటికి ఎదురు నడుస్తూ, కింది నుంచి పైకి చూడాలి. అలా ఎందుకో, ఎలాగో అంచెలంచెలుగా చెబుతాను.

ముందుగా ఈ నీళ్లు చేసే పని తెలుసుకోండి

ప్రయాణానికి ముందు ఈ ఒక్క విషయం చదువుకుని వెళ్తే అక్కడ ప్రతి అడుగూ వేరుగా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న కొండలు సున్నపురాయి, దాన్ని పోలిన డోలమైట్ రాయి. వాటిలోంచి ఇంకి వచ్చే నీటిలో కరిగిన సున్నం ఎక్కువ. ఆ నీరు రాళ్ల మీంచి దూకి చెదిరినప్పుడు అందులోని కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలిసిపోతుంది, సున్నం విడిపోయి బయటపడుతుంది. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టినట్టే, ఇక్కడ నాచు మీద, పడిపోయిన కొమ్మల మీద సున్నం పొర కడుతుంది. నాచు పైకి పెరుగుతుంది, దాని కింది భాగం రాయిగా మారుతుంది. ఆ మెత్తటి, బోలు రాతిని ట్యూఫా అంటారు. వేల ఏళ్లుగా అలా పెరిగిన ట్యూఫా గట్లే ఈ సరస్సులకు ఆనకట్టలు. మన బొర్రా గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ధారల వెనక ఉన్నదీ ఇదే రసాయన చర్య. అక్కడ చీకట్లో చుక్కచుక్కగా జరిగేది ఇక్కడ ఎండలో, నాచు, సూక్ష్మజీవుల సాయంతో జరుగుతుంది.

ఈ గట్లు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. అనువైన చోట ఏడాదికి ఒక సెంటీమీటరు దాకా పెరుగుతాయి. కోజ్యాక్ సరస్సు ఒకప్పుడు రెండు సరస్సులు. కింది గట్టు వేగంగా పెరిగి నీటిమట్టం లేవడంతో మధ్యలో ఉన్న గట్టు మునిగిపోయింది. అది ఇప్పటికీ నీటి అడుగున ఉంది. ఈ పెరుగుదలకు నీరు శుభ్రంగా ఉండటం ప్రాణం. సేంద్రియ మలినాలు చేరితే సున్నం విడిపోవడం మందగిస్తుంది. ఇక్కడ ఎక్కడా ఈత కొట్టనివ్వకపోవడానికి, కాలు కూడా పెట్టొద్దనడానికి కారణం ఇదే. ట్యూఫా చేత్తో నొక్కితే విరిగేంత పెళుసు కూడా. చెక్కబాట అంచున కూర్చుని పాదాలు నీళ్లలో వేలాడేయాలని పిల్లలు మారాం చేస్తారు. వాళ్లకు ఈ కథ ముందే చెప్పి తీసుకెళ్లండి, మాట వింటారు.

ఏ కాలంలో వెళ్లాలి

నీళ్లే ముఖ్యమనుకుంటే ఏప్రిల్, మే. మంచు కరిగిన నీరు, వసంతపు వానలు కలిసి గట్ల మీద అన్ని దారుల్లోనూ ఉరకలేస్తాయి. ఒక్కోసారి నీరు బాట మీదకి ఎక్కి కొన్ని దారులు మూసేస్తారు, దానికి సిద్ధపడి వెళ్లాలి. రంగులే ముఖ్యమనుకుంటే అక్టోబరు రెండో సగం. బీచ్ (beech) అనే అడవి చెట్ల ఆకులు పసుపు, ఎరుపు తిరిగి నీలి నీళ్లలో పడతాయి. నన్ను అడిగితే అక్టోబరే. జనం తక్కువ, నడకకు చల్లన, టికెట్ ధర కూడా వేసవి కంటే తక్కువ.

జులై, ఆగస్టుల్లో చెక్కబాటల మీద వరుసలో కదలాల్సి వస్తుంది. సెలవులు అప్పుడే దొరికితే తప్పదు. కానీ ఉదయం 7కి ద్వారం తెరవగానే లోపల ఉండండి, లేదా మధ్యాహ్నం దాటి గుంపులు తగ్గాక వెళ్లండి. చలికాలంలో సరస్సులు గడ్డకట్టి, జలపాతాలు మంచు తెరలై నిలబడటం గొప్ప దృశ్యమే. అయితే మంచు ఎక్కువైతే పై సరస్సుల దారులు మూసేస్తారు. మొదటిసారి వెళ్లేవాళ్లు చలికాలం వద్దు, సగమే చూసి రావాల్సి వస్తుంది.

వీసా, టికెట్

క్రొయేషియా 2023 జనవరి 1న, చాలా ఐరోపా దేశాలకు ఒకే వీసా చెల్లే షెంజెన్‌లో చేరింది, అదే రోజు యూరోకు మారింది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు షెంజెన్ వీసా చాలు. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో నివాస అనుమతితో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్లకు, చదువుకుంటున్నవాళ్లకు విడిగా వీసా అక్కర్లేదు. బ్రిటన్‌లో, అమెరికాలో ఉంటున్నా భారత పాస్‌పోర్టే ఉంటే వీసా తీసుకోవాల్సిందే. ఆ రెండు దేశాల అనుమతులు ఇక్కడ చెల్లవు.

ఉద్యానం టికెట్ ధర కాలాన్ని బట్టి మారుతుంది. పెద్దవాళ్లకు నిండు వేసవిలో 40 యూరోల దరిదాపు, చలికాలంలో 10 యూరోల దరిదాపు ఉంటూ వచ్చింది. వసంతం, శరత్తులో ఆ రెంటికీ మధ్య. 7 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం. లోపల తిరిగే విద్యుత్ పడవ, ట్రైన్ అని పిలిచే పొడవాటి బండి, రెండింటి ఛార్జీ ఇందులోనే కలిసి ఉంటుంది. ఉద్యానం అధికారిక వెబ్‌సైట్‌లో కొనేటప్పుడు తేదీతో పాటు ప్రవేశించే గంట, ఏ ద్వారం నుంచి లోపలికి వెళ్తారో ఎంచుకోవాలి. లోపలికి వెళ్లడానికే ఆ గంట పట్టింపు. ఒకసారి వెళ్లాక మూసే వేళ దాకా ఉండొచ్చు. వేసవి అయితే బస దొరికిన రోజే టికెట్ కూడా కొనేయండి, ఉదయపు గంటలే ముందు అయిపోతాయి. రెండు రోజుల టికెట్ కూడా ఉంది. నెమ్మదిగా నడిచే కుటుంబాలకు అది బాగా పనికొస్తుంది.

టికెట్‌ను ఫొటో తీసి ఫోన్లో ఉంచుకోండి. పడవ దగ్గర, బండి దగ్గర చూపించమంటారు. ఫొటోలు తీసి తీసి మధ్యాహ్నానికి ఛార్జింగ్ అయిపోతుంది కాబట్టి ఒక కాగితం ప్రతి జేబులో ఉంటే నిశ్చింత.

చేరుకోవడం, రాత్రి బస

హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు దుబాయ్, దోహా లాంటి చోట విమానం మారి క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ చేరొచ్చు. జాగ్రెబ్ ప్రధాన బస్టాండ్ నుంచి ప్లిట్విట్సేకి దాదాపు 130 కిలోమీటర్లు, బస్సులో రెండు నుంచి రెండున్నర గంటలు. సముద్ర తీరాన ఉన్న జాడర్ నుంచి కూడా దాదాపు అంతే దూరం. రైలు లేదు. బస్సు ఎక్కేటప్పుడు ఒకటో ద్వారం దగ్గరా, రెండో ద్వారం దగ్గరా ఎక్కడ దిగాలో డ్రైవర్‌కు ముందే చెప్పండి. రెండింటి మధ్య రెండు కిలోమీటర్లకు పైగా ఉంటుంది.

జాగ్రెబ్ నుంచి ఉదయం వచ్చి సాయంత్రం వెళ్లొచ్చు, చాలామంది అదే చేస్తారు. నా సలహా మాత్రం ముందు రోజు సాయంత్రమే చేరి అక్కడ పడుకోమని. జాగ్రెబ్ నుంచీ తీరం నుంచీ వచ్చే బస్సులు జనాన్ని దించేలోపు మీరు లోయలో ఉంటే, చెక్కబాట మీద నీటి చప్పుడు తప్ప మరేదీ వినపడదు. ఆ గంటన్నర కోసం ఒక రాత్రి ఖర్చు పెట్టొచ్చు. ఒకటో ద్వారానికి దగ్గర్లో రాస్తోవాచా, రెండో ద్వారానికి దగ్గర్లో ముకిన్యే, యెజెర్ట్సే గ్రామాల్లో ఇళ్లలోనే గదులు అద్దెకిస్తారు. ఉద్యానం సొంత హోటళ్లు రెండో ద్వారం పక్కనే ఉన్నాయి. సూట్‌కేసులు గదిలోనే వదిలి రండి. చెక్కబాట మీద చక్రాల పెట్టె లాగడం మీకూ కష్టం, వెనక వచ్చేవాళ్లకూ కష్టం.

ఏ దారి పట్టుకోవాలి

దారులకు అక్షరాలు పెట్టారు. ఒకటో ద్వారం నుంచి ఏ, బీ, సీ. రెండో ద్వారం నుంచి ఈ, ఎఫ్, హెచ్. రెండు ద్వారాల నుంచీ మొదలయ్యేది కే. లోపల ప్రతి మలుపులో ఆ అక్షరాల బోర్డులుంటాయి, తప్పిపోయే ప్రసక్తి లేదు.

ఏ, బీ దారుల్లో కింది సరస్సులే చూస్తారు, రెండు నుంచి నాలుగు గంటలు. ఈ (E) అక్షరం దారి పై సరస్సులది. బండిలో పైకి వెళ్లి నెమ్మదిగా దిగుతూ రావచ్చు, మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలకు అన్నిటికన్నా అనువైనది ఇదే. ఎఫ్ రెండో ద్వారం నుంచి పడవలో కింది సరస్సులకు తీసుకెళ్తుంది. రెండు వైపులా పూర్తిగా చూపించేవి సీ, హెచ్. సీ సుమారు 8 కిలోమీటర్లు, హెచ్ సుమారు 9, ఆగుతూ నడిస్తే ఐదారు గంటలు. కే 18 కిలోమీటర్లు, పడవా బండీ లేకుండా మొత్తం కాళ్ల మీదే. కొండ నడకలు అలవాటున్నవాళ్లకే అది.

సీ, హెచ్ చూపించేది ఇంచుమించు ఒకటే, దిశలే వేరు. హెచ్‌లో నీటితో పాటు దిగుతారు, సీలో నీటికి ఎదురు ఎక్కుతారు. చాలామంది దిగడం సులువని హెచ్ సూచిస్తారు. నేను సీ అంటాను. ఎదురు నడిస్తే ప్రతి జలపాతం ముఖం మీ వైపే ఉంటుంది, వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు. ఇరుకైన కింది లోయ ఖాళీగా ఉన్న పొద్దున దాన్ని చూసేస్తారు, విశాలమైన పై సరస్సులకు జనం పెరిగే వేళకు చేరతారు. తూర్పు ముఖంగా ఉన్న వెలికి స్లాప్ మీద ఎండ పడేది కూడా ఉదయమే. ఎక్కడం అంటే భయపడకండి, పై సరస్సుల ఎక్కుడు చాలా మెల్లగా సాగుతుంది. ఆలస్యంగా చేరినవాళ్లు, దిగడమే నయమనుకునేవాళ్లు హెచ్ పట్టుకోండి, తప్పేం లేదు.

కింది సరస్సులు: లోయలో నడక

ఒకటో ద్వారం దాటిన కొన్ని అడుగులకే చూపు తెరుచుకుంటుంది. ఎదురుగా వెలికి స్లాప్, కింద లోయలో పచ్చ, నీలం కలిసిన సరస్సులు, వాటి మధ్య గీతలా చెక్కబాట. ఇక్కడ పది నిమిషాలు నిలబడి, నడవబోయే దారిని కళ్లతో చూసుకోండి. తర్వాత మెలికలు తిరిగే బాట, మెట్లు దిగి కలుజెరోవాట్స్ సరస్సు దగ్గర నీటి మట్టానికి చేరతారు.

ముందు కుడి వైపు, వెలికి స్లాప్ దగ్గరకు వెళ్లండి. అక్కడో విషయం గమనించాలి. ఈ జలపాతం నీళ్లు సరస్సులవి కావు. ప్లిట్విట్సా అనే వేరే వాగు కొండ అంచు నుంచి నేరుగా దూకుతోంది. సరస్సుల నీరు పక్కనే సస్తావ్ట్సి జలపాతాలుగా పడుతుంది. రెండూ కలిసిన చోట కొరానా నది మొదలవుతుంది. తుంపర బాగా ఎగురుతుంది, ఫోన్లు, కళ్లద్దాలు జాగ్రత్త.

అక్కడి నుంచి వెనక్కి తిరిగి నీటికి ఎదురు నడక మొదలు. కలుజెరోవాట్స్ పక్కన షుప్ల్యారా గుహలోంచి మెట్లు పైకి వెళ్తాయి. ఓపిక ఉంటే ఎక్కండి, పై నుంచి సరస్సు రంగు ఇంకో రకంగా కనిపిస్తుంది. ఆ పైన గవానోవాట్స్, ఆ పైన మిలానోవాట్స్. ఇక్కడి చిన్న జలపాతాలకు మిల్కా ట్రనీనా పేరు పెట్టారు. ఆమె పెద్ద ఒపేరా గాయని. 1897లో కచేరీ చేసి, వచ్చిన సొమ్మును ఈ సరస్సుల సంరక్షణ కోసం ఇచ్చింది. జాతీయ ఉద్యానంగా ప్రకటించింది 1949లో, అంటే అంతకు అర్ధ శతాబ్దం ముందే వీటి గురించి పట్టించుకున్నవాళ్లు ఉన్నారన్నమాట.

చెక్కబాటలకు చాలాచోట్ల పక్క కమ్మీలు ఉండవు. పలకల సందుల్లోంచి కింద నీరు పారుతుంటుంది. పిల్లల చెయ్యి వదలొద్దు. ఎదురొచ్చేవాళ్లకు దారివ్వాల్సి వస్తే నీళ్ల వైపు జరగకుండా ఆగిపోవడం మంచిది. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయడం ఇక్కడ నిజంగా ప్రమాదం.

పడవ, మధ్యాహ్న భోజనం

మిలానోవాట్స్ దాటితే కోజ్యాక్ వస్తుంది. 80 హెక్టార్లకు పైగా ఉన్న ఇది అన్నిటిలోకీ పెద్దది, 46 మీటర్ల దాకా లోతు. దాని కింది కొసన పీ3 పడవల రేవు. పక్కనే పచ్చిక మైదానం, బల్లలు, చిన్న తినుబండారాల కొట్టు, మరుగుదొడ్లు ఉన్నాయి. భోజనానికి ఇంతకన్నా మంచి చోటు దారిలో దొరకదు.

శాకాహారులు ఇక్కడి కొట్ల మీద ఆధారపడొద్దు, ఎక్కువగా సాసేజీలు, కోడిమాంసం, బంగాళదుంప వేపుళ్లే ఉంటాయి. పులిహోర, చపాతీల చుట్టలు చల్లగా తిన్నా బాగుంటాయి. పెరుగన్నం అయితే వేసవిలో ఉదయం కలిపింది మధ్యాహ్నానికి పులుస్తుంది. చెత్త సంచీలో వేసి తెచ్చుకోండి, బాతులకు, చేపలకు మెతుకు కూడా వేయొద్దు. బయట భోజనశాలల్లో ఈ లికా ప్రాంతపు చీజ్, బంగాళదుంపలు అడగండి, రెండూ రుచికి పేరుబడ్డవి.

పీ3 నుంచి కోజ్యాక్ పై కొసన ఉన్న పీ2 రేవుకి పడవలో 20 నిమిషాల చల్లటి ప్రయాణం. వేసవి మధ్యాహ్నాల్లో వరుస పెద్దది. ఎంతకీ కదలకపోతే, కాళ్లలో సత్తువ ఉంటే, కోజ్యాక్ ఒడ్డు వెంట అడవి బాటలో నడవండి. చెట్ల నీడ, జనం ఉండరు. పెద్దవాళ్లుంటే మాత్రం పడవ కోసమే ఆగండి, అసలు నడక ఇంకా ముందుంది.

పై సరస్సులు: తొందర పడొద్దు

పడవ దిగి ఎక్కే దారిలోనే చాలామంది అలసిపోయి గబగబా నడిచేస్తారు. నా మనసుకు నచ్చిన భాగం ఇదే. కింది సరస్సులు సున్నపురాతి లోయలో నిటారు గోడల మధ్య ఉంటాయి. పై సరస్సుల అడుగున డోలమైట్ ఉంటుంది, దానిలోకి నీరు సులువుగా ఇంకదు, కనుక అవి వెడల్పుగా, అడవిలోకి పరుచుకుని ఉంటాయి. నీరు ఒక జలపాతంగా కాకుండా వందల పాయలుగా, చెట్ల వేళ్ల మధ్యలోంచి, నాచు మెత్తల మీంచి, మీ కాళ్ల కిందుగా పారుతుంది.

బుర్గెతి, గ్రాదిన్స్కో దాటి గాలోవాట్స్ చేరేచోట వెలికి ప్రష్టావాట్స్ జలపాతం ముందు ఆగండి. ఇక్కడ గట్టు కట్టుకునే పని కళ్లకు కడుతుంది. నీటి అంచున చూడండి: పైన పచ్చటి నాచు, కొంచెం కింద పసుపు తిరిగి గరుకుబారిన నాచు, దాని కింద రాయి. నీళ్లలో పడిన కొమ్మలను చూడండి, తెల్లటి సున్నపు తొడుగు పడి ఉంటాయి. అడుగున పడి ఉన్న మాను గీతలన్నీ లెక్కపెట్టగలిగేంత తేటగా ఉంటుంది నీరు. రంగు కూడా సరస్సు సరస్సుకీ మారుతుంది, మబ్బు పట్టినా, ఎండ వాలినా మారుతుంది. అందుకే ఒక్కో చోట కాసేపు కూర్చోవాలి.

చివర్లో ఓక్రుగ్ల్యాక్ దగ్గర లాబుదోవాట్స్ జలపాతం, ఆ పైన త్సిగీనోవాట్స్, ప్రోష్చాన్స్కో. కాళ్లు బండి ఎక్కమంటున్నా ప్రోష్చాన్స్కో ఒడ్డు దాకా వెళ్లి రండి. ఇక్కడ దూకుడు లేదు, అలల్లేని పెద్ద సరస్సు, చుట్టూ బీచ్, ఫర్ అడవి. ఎలుగుబంట్లు, తోడేళ్లు, పిల్లి జాతి జంతువులైన లింక్స్‌లు ఉన్న అడవి ఇది. జనం నడిచే సరస్సు బాటల్లో అవి కనిపించడం చాలా అరుదు.

ఈ నేల చూసిన కష్టం కూడా ఒకటుంది. 1991 మార్చి 31న, ఈస్టర్ రోజున, క్రొయేషియా స్వాతంత్ర్య యుద్ధంలో తొలి ప్రాణాలు పోయింది ఇక్కడే. 1979లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఈ చోటును యునెస్కో 1992లో ప్రమాదంలో ఉన్నవాటిలో చేర్చి, 1997లో ఆ జాబితా నుంచి తీసేసింది.

ఒంటి మీద, సంచిలో

పట్టు ఉన్న మూసిన బూట్లు తప్పనిసరి. తడి చెక్క మీద చెప్పులు, ఫ్లాట్ శాండిల్స్ జారతాయి. చీరలో నడవాలనుకునే అమ్మలకు ఒక మాట: కుచ్చిళ్లు తడిసి బరువెక్కుతాయి, సల్వార్‌ కమీజే సుఖం. మే నెలలో కూడా పొద్దున చలిగా ఉంటుంది, వాన ఎప్పుడైనా రావచ్చు. గొడుగు కన్నా రెయిన్‌కోటు నయం, ఇరుకు బాటలో గొడుగు ఎదుటివాళ్ల కళ్లకు తగులుతుంది. చంటిపిల్లల తోపుడు బండి మెట్ల దగ్గర మోయాల్సి వస్తుంది, ఎత్తుకునే క్యారియర్ తెచ్చుకోండి. కుళాయి నీళ్లు తాగొచ్చు, సీసా గదిలోనే నింపుకోండి. డ్రోన్ నిషిద్ధం. ఆపదకు 112.

తిరుగు ప్రయాణం

పై సరస్సుల స్టేషన్ నుంచి బండి ఎక్కితే అది మిమ్మల్ని తిరిగి ద్వారాల వైపు దించుతుంది. సీ దారిలో వచ్చినవాళ్లు దానిలో ఒకటో ద్వారం వైపు చేరాలి. హెచ్ వాళ్ల నడక కింది సరస్సుల దగ్గర ముగుస్తుంది కాబట్టి అక్కడి నుంచి బండిలో రెండో ద్వారానికి చేరాలి. సాయంత్రం చివరి బండి, చివరి పడవ వేళలు ఉదయమే చూసుకుని పెట్టుకోండి, కాలాన్ని బట్టి మారుతుంటాయి. తిరుగు బస్సు టికెట్ ముందే కొనండి, రోడ్డు పక్కన ఎదురుచూసేవాళ్లలో టికెట్ లేనివాళ్లు సీటు లేక మిగిలిపోవచ్చు. బస్సు దిగిన వైపే తిరుగు బస్సు ఆగదు కాబట్టి జాగ్రెబ్ దిశ ఏదో, జాడర్ దిశ ఏదో ఖాయం చేసుకుని నిలబడండి.

మర్నాడు అరపూట చేతిలో ఉంటే జాగ్రెబ్ దారిలో దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో స్లూన్య్ అనే ఊళ్లో దిగండి. ఊరి అంచున రస్తోకే ఉంది, పాత నీటి మరలు, చెక్క ఇళ్లు. వెలికి స్లాప్ కింద మొదలైన కొరానా ఇక్కడికి చేరుతుంది, స్లూన్చిట్సా నది ట్యూఫా గట్ల మీంచి దూకి అందులో కలుస్తుంది. గంటన్నర, రెండు గంటలు చాలు. చూసుకుని తర్వాతి బస్సులో జాగ్రెబ్ వెళ్లిపోవచ్చు.